మూడో పాట

కిందటి వారం మనం జయంతిని రెస్టారెంటు గోడ వారగా వదిలేశాం. చల్లారిపోయిన టీ కప్పు చేతిలో పట్టుకుని, ఎటు చూడాలో తెలియక నిలబడి ఉంది పాపం. ఎదురుగా చిన్న వేదిక మీద ఆమె భర్త వాసుదేవరావు మైకు పట్టుకుని ఒక జపనీస్ పాట అప్పుడే ముగించాడు. ముప్ఫై మంది ఉన్న ఆ హాల్లో చప్పట్లు కొట్టింది ఇద్దరే. ఒకడు కిందటి నెలలో చేరిన అమెరికన్ అకౌంటెంటు, ఏమీ తెలియక. రెండోది జయంతి, అంతకన్నా తెలియక.

జపాన్‌లోని నగోయా నుంచి వచ్చిన వైస్ ప్రెసిడెంటు మోరికావా గారు చేతిలోని గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టి, తన కోటు తెమ్మన్నారు. అది ఆయన పాట. రాసింది ఆయన కాదు, రికార్డు మీద పాడింది ఆయన కాదు, అయినా ఆయన పాటే. ఆ కంపెనీ విందుల్లో కరావోకే అంటే ఎవరి పాట వాళ్ళకుంటుంది. గొంతు తీసేసి వాయిద్యాలు మాత్రం ఉంచిన టేపు తిరుగుతుంటే ఒక్కొక్కరు లేచి తమది పాడతారు. పెద్దాయన పాట ఆఖరున పెద్దాయనే పాడతారు. ఆయన గదిలో ఉండగా ఇంకొకరు దాని జోలికి వెళ్ళరు. ఈ సంగతి ఏ కాగితం మీదా ఉండదు, అందరికీ తెలిసి మాత్రం ఉంటుంది.

హాలంతా బిగుసుకుపోయింది. అప్పుడు వాసుదేవరావు, మైకు ఇంకా చేతిలో ఉండగానే, నవ్వుతూ అన్నాడు: "మై వైఫ్ సెలెక్టెడ్ దిస్ సాంగ్. ప్లీజ్ బ్లేమ్ హర్!"

ముప్ఫై తలలు ఒక్కసారి గోడవైపు తిరిగాయి.

ఈ పాటల గొడవ వెనక ఏముందో కూడా ఒక ముక్క చెప్పుకోవాలి. కార్లకి బ్రేకు భాగాలు చేసే ఆ డెట్రాయిట్ కంపెనీలో సగం జపాన్ వాళ్ళ చేతికి వెళ్ళాక, రెండు ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్లు కలిపి ఒకటి చేస్తున్నారు. ఇద్దరు చీఫ్‌లలో ఒకరే మిగులుతారు, ఆరు నెలల ట్రైనింగ్‌కి నగోయా వెళతారు. రెండోవాళ్ళకి లేఆఫ్. ఎవరన్నది వచ్చే శుక్రవారం మోరికావా గారు చెబుతారు. ఆ ఇద్దరిలో ఒకడు వాసుదేవరావు. రెండోవాడు అతనికి పన్నెండేళ్ళ స్నేహితుడు రామమోహన్. వాసుదేవరావు నేర్చుకోవడానికి జపనీస్ పాటలు క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చింది ఈ రామమోహనే. ఇక వేరే చెప్పాలా?

జయంతికీ వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. శనివారం పొద్దున్న పదిన్నరకి క్యాసెట్‌ని కోటు జేబులో వేసుకుని, చిన్న కారు తాళాలు తీసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు వాసుదేవరావు, పేపరు దించకుండా.

"మీ ప్రాణస్నేహితుడి ఇంటికి."

పేపరు దిగింది. "ఇప్పుడు వాడితో గొడవ దేనికి జయా? అయిందేదో అయింది."

"మీకైంది. నాకింకా అవుతోంది."

"వాడేం చెప్పినా నమ్మకు" అన్నాడు వాసుదేవరావు, ఆమె గరాజ్ తలుపు దగ్గరికి వెళ్ళాక. రాత్రి నుంచి అతను ఆమెతో అన్న మాటలన్నీ కలిపితే పది ఉండవు. అందులో ఇదొకటి. కోపంలో ఉన్న మనిషి కాబట్టి జయంతి దాన్ని పట్టించుకోలేదు.

పన్నెండో మైలు రోడ్డు పక్కన నల్లబడిన మంచు కుప్పలు కరిగి కాలవలు కడుతున్నాయి. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మార్చి నెల అంటే ఇంతే, చలీ పోదు, అందమూ ఉండదు. ఆ బురదలో కారు నడుపుతూ జయంతి మూడు వారాల కష్టాన్ని తలుచుకుని కుతకుతలాడిపోయింది.

క్యాసెట్‌లో మూడు పాటలు. మొదటిది హుషారైనది, రైలుబండిలా పరుగెత్తేది. వాసుదేవరావు నాలుక దాని వెనకాల పరుగెత్తి మొదటి చరణంలోనే బోర్లా పడింది. రెండోది మంచు కురిసే పాట. మాటలు తక్కువ, స్థాయి తక్కువ, గొంతు కింద కింద మెసులుతూ పోతుంది. మూడోది రేవు పాట. ఓడ వెళ్ళిపోయాక రేవులో నిలబడిపోయిన మనిషి పాడేది. ఆ మూడోదాని స్వరాలు వింటూ జయంతి గిన్నెలు కడగడం ఆపేసింది. మధ్యమం లేదు, నిషాదం లేదు. మన మోహన రాగానికి పినతల్లి కూతురిలా ఉంది! విజయనగరం కాలేజీలో సంగీతం డిప్లొమా చేసి, పెళ్ళయి, పద్నాలుగేళ్ళుగా ఉగాది ఫంక్షన్లకి ప్రార్థనా గీతం పాడేందుకు మాత్రం పనికొస్తున్న మనిషి ఆమె. ఆ పూట ఆమెకి సముద్రం అవతల చుట్టం కనిపించినంత సంతోషమైంది.

మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే కుంటుతూ నడిచే ఆ మాటలు తెలుగులో రాసేసరికి చక్కగా కూర్చున్నాయి. వాటికీ మన మాటల్లాగే చివర అచ్చు ఉంటుంది. రోజూ సాయంత్రం బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ పక్కన భర్తని కూర్చోబెట్టి, తొడ మీద తాళం వేస్తూ, ఒక్కొక్క పంక్తి ఇరవైసార్లు చెప్పించింది. వాసుదేవరావుకి గొంతు ఉంది గానీ ఓపిక లేదు. ఆ ఓపిక కూడా ఆమే పెట్టింది. ఇంత చేస్తే, ఆ రామమోహన్ తెలిసి తెలిసి పెద్దాయన పాటని క్యాసెట్‌లో దూర్చి ఇచ్చాడు! పన్నెండేళ్ళు తన చేతి పులిహోర తిన్న మనిషి!

తలుపు తీసింది రామమోహనే. నలిగిన చొక్కా మీద స్వెట్టర్ తగిలించుకుని ఉన్నాడు. అతనిది వరంగల్. వయసుకి వాసుదేవరావు కన్నా రెండేళ్ళు పెద్ద, మాటకి పదేళ్ళు కటువు.

"రా చెల్లెమ్మా. వస్తవని అనుకుంటనే ఉన్న."

"అనుకుంటూనే ఉన్నారా? అయితే సమాధానం కూడా సిద్ధంగా ఉంచుకుని ఉంటారు." జయంతి బూట్లు విప్పలేదు. నేరుగా వంటింటి బల్ల దగ్గరికి వెళ్ళి క్యాసెట్ దాని మీద పడేసింది. "ఇదిగోండి అన్నయ్యగారూ, మీ విషం. ఒక్క చుక్క కూడా వృథా కాలేదు."

పొయ్యి దగ్గర ఉన్న రామమోహన్ భార్య నళిని వెనక్కి తిరిగింది. "వదినా, ముందు కూర్చో. కాఫీ కలుపుతున్నా."

"నీ కాఫీ నాకొద్దు వదినా. నిన్న రాత్రి ఆ హాల్లో నువ్వూ ఉన్నావుగా. నన్నందరూ ఎలా చూశారో చూశావుగా. ఆ మోరికావా గారి భార్య నాకేసి చూసి తల దించుకుంది. నేనేదో ఆవిడ పుస్తె ఎత్తుకుపోయినట్టు."

"చూశాను" అంది నళిని చిన్నగా.

"మరి మీ ఆయన్నడుగు, ఎందుకు చేశాడో. ఉద్యోగం కోసమే అయితే మొహం మీద చెప్పి పోట్లాడొచ్చుగా? మా ఆయన అమాయకుడు..."

రామమోహన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆగు చెల్లెమ్మా, ఆ మాట దగ్గర ఆగు. నేను జపాన్ వాళ్ళతోని ఎనిమిది నెలల సంది తిరుగుతున్న. ఎవలు ఏ పాట పాడుతరో నాకు తెలుసు. అది మోరికావా పాట అని తెల్వకుండ ఎక్కించిన అనుకుంటున్నవా?"

"తెలిసే ఎక్కించారని అంటున్నాను!"

"అవును. తెలిసే ఎక్కించిన."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని జయంతి అనుకోలేదు.

"మూడు పాటలు ఎందుకిచ్చిన?" అన్నాడు రామమోహన్, వేళ్ళు మడుస్తూ. "రెండు పాడెటందుకు. మూడోది పాడకుండ ఉండెటందుకు. ఏది ముట్టుకోవద్దో ముందు చెవుల పడాలె గద? లేకపోతే ఆ పాటల పుస్తకంల జపాన్ అక్షరాలు చూసి ఏదో ఒక నంబర్ చెప్పేస్తడు, అదే అయితదేమో అని నా భయం. ఈ ముక్క వాసుకు చెప్పిన. క్యాసెట్ చేతిల పెట్టిన దినమే, కార్‌ల కూసోని చెప్పిన. 'మూడోది పెద్దాయనది, ఆయన పాడినప్పుడు చప్పట్లు కొట్టు, అంతే' అన్న."

"అబద్ధం."

"నళిని ఎనుక సీట్ల ఉన్నది. అడుగు."

జయంతి నళినివైపు తిరిగింది. లేదను, ఆయన అబద్ధం చెబుతున్నాడను, అని ఆమె కళ్ళు బతిమాలుకున్నాయి. నళిని స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని, తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"నిజమే వదినా. నేను విన్నాను. వాసు అన్నయ్యగారు చాలా హుషారుగా ఉన్నారు ఆరోజు. 'ఆయనకంత ఇష్టమైన పాటయితే అదే పాడి వినిపిస్తే ఎంత పొంగిపోతాడో' అన్నారు. ఈయన వద్దని మొత్తుకున్నారు. 'వీళ్ళ పద్ధతి వేరేరా బాబూ' అని రెండుసార్లు చెప్పారు. అన్నయ్యగారు నవ్వి ఊరుకున్నారు. ఊరుకున్నారు కాబట్టి మానేశారనుకున్నాం."

జయంతి కూర్చుంది. కూర్చోకూడదనుకున్న కుర్చీలోనే కూర్చుంది. నళిని ముందు పెట్టిన కాఫీ కప్పు మీద తేలే నురగని చూస్తూ ఉండిపోయింది. వినడానికి వచ్చింది ఒకటి, విన్నది ఇంకొకటి. అవమానం కన్నా ముందు ఆమెకి ఒక వెర్రి కోపం వచ్చింది, నళిని మీద. ఈ మాట మూడు వారాల కిందట ఒక ఫోన్ చేసి తనతో చెబితే ఏం పోయేది? అల్లం చట్నీ ఎలా చేయాలో అడగడానికి రోజూ చేస్తుందిగా!

కాసేపటికి తలెత్తింది. "సరే. ఆయనకి చెప్పారు. ఒప్పుకుంటాను. మరి నిన్న ఆయన స్టేజ్ ఎక్కి నంబర్ చెప్పినప్పుడు మీరెక్కడున్నారు?"

రామమోహన్ క్యాసెట్‌ని బల్ల మీద అటూ ఇటూ జరిపాడు.

"స్పీకర్ పక్కన ఉన్నారు. నేను చూశాను. పాటకి ముందు వాయిద్యం అర నిమిషం వస్తుంది. అది నాకన్నా ఎవరికీ బాగా తెలియదు, ఎక్కడ ఎత్తుకోవాలో లెక్కపెట్టి నేర్పింది నేనేగా. ఆ అర నిమిషంలో చెయ్యి ఎత్తితే చాలదూ? మెషీన్ ఆగిపోయేది. ఎందుకు ఎత్తలేదు?"

నళిని కూడా భర్త వైపు చూసింది. ఈ ప్రశ్న ఆవిడ కూడా రాత్రంతా అడగాలనుకుని అడగనిదని ఆ చూపులో తెలిసిపోతోంది.

"ఎత్తాలె" అన్నాడు రామమోహన్ చివరికి. గొంతులో కటువు పోయింది. "చెయ్యి సగం లేచింది గూడ. మల్ల దించిన. నలభై ఐదేండ్లు నాకు. ఈ వయసుల ఇంకోడు ఇస్తడా ఉద్యోగం? వాడు పాడుతున్నడు, నేను నిలబడి చూసిన. చప్పట్లు కొట్టలే, ఆపలే. నన్ను తిట్టాల్నంటే దానికి తిట్టు చెల్లెమ్మా. క్యాసెట్ ఇచ్చినందుకు మాత్రం తిట్టకు."

దేనికి తిట్టాలో కూడా ఆయనే చెబుతున్నాడు! జయంతికి ఒళ్ళు మండిపోయింది. కానీ తిట్టడానికి నోరు రాలేదు. ఎంత నీచంగా ఉన్నా, ఆ ఒక్క మాటలో నిజం ఉంది. ఆ రెండు రోజుల్లో ఒక మగవాడి నోట ఆమె విన్న మొదటి నిజం అది. లేచి బయటికి నడిచింది. నళిని తలుపు దాకా వచ్చి "వదినా" అని పిలిచింది.

కారు స్టార్ట్ చేసి, రివర్స్ చేయకుండా జయంతి అలాగే కూర్చుంది. ఇప్పుడు ఆమెకి ఇంకో సంగతి గుర్తుకొస్తోంది. రావద్దన్నా వస్తోంది.

ఆమె మొదట ఎంచింది మూడోది కాదు. రెండోది. మంచు పాట. "ఇది మీ గొంతుకి కుట్టించినట్టు ఉంది" అని ఆమె అన్నది కూడా గుర్తుంది. వాసుదేవరావు "సరే, నీ ఇష్టం" అన్నాడు. ఆ మర్నాటి నుంచి ఇంట్లో ఎక్కడ చూసినా మూడో పాటే. గడ్డం గీసుకుంటూ అదే. కారులో అదే. గ్రోసరీకి వెళ్ళొచ్చేటప్పుడు టేపు వెనక్కి తిప్పి మళ్ళీ అదే. "ఇదేదో మన రాగంలా లేదూ?" అని అమాయకంగా అడిగాడు. ఆమె ఎగిరి గంతేసినట్టు "మోహన అండీ!" అంది. "అబ్బ, నువ్వు చెప్పాకే తెలిసింది. పోనీ ఇది పాడనా? నీకు నచ్చితేనే సుమా!" అన్నాడు. అప్పుడు ఆమె మూడు రోజులు ఆలోచించి, పెద్ద సంగీత విద్వాంసురాలిలా తీర్పు చెప్పింది: "మూడోదే పాడండి."

తనే ఎంచింది. తన నోటితోనే చెప్పింది. అలా చెప్పించుకున్నాడు.

ఇల్లు చేరేసరికి గరాజ్‌లో పెద్ద కారు టైర్లు తడిగా ఉన్నాయి. బురద నీళ్ళు నేల మీద రెండు చారలుగా పడి ఉన్నాయి. తను వెళ్ళాక అతనెక్కడికో వెళ్ళి వచ్చాడు. లోపల డైనింగ్ టేబుల్ మీద టైప్‌రైటర్ మూత తీసి ఉంది. దాని పక్కన పల్చటి కాగితం ఒకటి. వాసుదేవరావు ఎవరికి ఏ ఉత్తరం రాసినా కార్బన్ కాపీ ఉంచుకుంటాడు, కరెంటు కంపెనీకి రాసినా సరే. అది అతని పద్ధతి. ఆ పద్ధతి అతన్ని ఇవాళ పట్టిస్తుందని పాపం అతననుకోలేదు. జయంతి ఇంత త్వరగా తిరిగొస్తుందనీ అనుకోలేదు.

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. మోరికావా దంపతులకి. "నిన్న సాయంత్రం జరిగిన అపచారానికి పూర్తి బాధ్యత నాది. సంగీతం తెలుసునన్న గర్వంతో మీ సంప్రదాయం తెలుసుకోకుండా ఆ పాటని నేనే ఎంచాను. నా భర్త వద్దని చెప్పినా వినకుండా పట్టుబట్టి పాడించాను. నా అజ్ఞానానికి ఆయనని శిక్షించవద్దని చేతులు జోడించి వేడుకుంటున్నాను."

కింద సంతకం. జయంతి రావు. ఇంగ్లీషు జె అక్షరానికి ఆమె పెట్టే పొడుగు తోకతో సహా, కార్బన్ నీలంలో, శ్రద్ధగా.

వాసుదేవరావు వంటింట్లోంచి వచ్చి, ఆమె చేతిలో కాగితం చూసి ఆగిపోయాడు. "కూర్చో, చెబుతాను."

"ఇచ్చేశారా?"

"వాళ్ళింటికి వెళ్ళి మెయిల్‌బాక్స్‌లో పెట్టి వచ్చాను. జయా, నువ్వు కాస్త ప్రాక్టికల్‌గా ఆలోచించు. ఆడవాళ్ళ వల్ల తప్పు జరిగిందంటే వాళ్ళు పట్టించుకోరు. ఇంట్లో ఉండే ఆవిడ, ఆఫీసు సంగతులు తెలియవు అని వదిలేస్తారు. అదే నేను తెలిసి చేశానంటే..."

"తెలిసి చేశారుగా."

వాసుదేవరావు కుర్చీ వెన్ను పట్టుకున్నాడు. "చెప్పాడన్నమాట వాడు."

"వాడు చెప్పాడు. నళిని వదిన చెప్పింది. నిన్న పొద్దున్న దాకా చెప్పడానికి మీకు మూడు వారాలున్నాయి. మీరు మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు నేర్పేదానివి కాదు."

అబద్ధం కాదు. అందుకే మరీ మండింది.

అతను కుర్చీ పట్టుకుని నిలబడి చెప్పుకొచ్చాడు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ప్రిన్సిపాల్ గారికి ఒక పద్యమంటే ప్రాణమట. కాలేజీ వార్షికోత్సవంలో ఆ పద్యం ఆయన ఎదుటే తను పాడితే, ఆయన స్టేజ్ మీదకి వచ్చి కౌగలించుకుని ఏడ్చేశారట. తన మొదటి ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం రాసింది ఆయనేనట. "పెద్దాయనకి ఇష్టమైనది పాడితే పొంగిపోతాడనుకున్నాను. మన దగ్గర ఎవరైనా పొంగిపోతారు. రామమోహన్ వద్దంటే, తనకి పోటీ అని వద్దంటున్నాడనుకున్నాను. నేనేమన్నా దొంగతనం చేశానా? గౌరవం చేశాను!"

"గౌరవం మీరు చేశారు. అపచారం నేను చేశానా?"

"అబ్బ! ఆ మాట ఆ నిమిషంలో నోట్లోంచి వచ్చేసింది జయా. అందరూ అలా చూస్తుంటే..."

"నిన్నటిది వచ్చేసింది. ఇవాళ్టిది టైప్ చేశారు. 'నా భర్త వద్దని చెప్పినా వినలేదు' అని టైప్ చేశారు. కార్బన్ పెట్టుకుని మరీ చేశారు."

వాసుదేవరావు ఇక ఓర్చుకోలేకపోయాడు. "అయితే ఏమంటావు? నలభై మూడేళ్ళు నాకు. ఈ చుట్టుపక్కల ఎన్ని ప్లాంట్లు మూసేశారో పేపర్లో చూడట్లేదూ? శుక్రవారం నా పేరు లేకపోతే సోమవారం నుంచి నేనెక్కడికి వెళ్ళాలి? పోతే నా ఉద్యోగం పోతుంది, నా కెరీర్ పోతుంది. నీకేం పోతుంది చెప్పు? ఒక్క ఉత్తరం. వాళ్ళని నువ్వు మళ్ళీ జన్మలో చూడవు. నీకేం పోతుంది?"

తనకేం పోతుందో ఆమె నిజంగానే వెతుక్కుంది. ఇల్లు ఇద్దరి పేరు మీద ఉంది, కార్లు రెండూ అతని పేరు మీద ఉన్నాయి, ఇంటిపేరు అతనిది. ఈ దేశంలో ఎవరి దయా లేకుండా ఆమెదంటూ ఉన్నది ఒకటే. పాట గురించి జయంతి మాట చెబితే అది సరైన మాట. తెలుగువాళ్ళ ఫంక్షన్లలో ఆస్టిన్ నుంచి వచ్చే అతిథి పాడినా, డెట్రాయిట్ డాక్టరుగారి అమ్మాయి పాడినా, జనం వెనక్కి తిరిగి ఆమె మొహం చూస్తారు, బాగుందా లేదా అని. ఆ ఒక్కదాన్ని అతను అడక్కుండా తీసుకెళ్ళి ఒక పరాయి ఇంటి మెయిల్‌బాక్స్‌లో పడేసి వచ్చాడు. తీసుకెళ్ళింది ఏమిటో కూడా అతనికి తెలియదు. అది అన్నిటికన్నా చేదుగా ఉంది.

"పద్నాలుగేళ్ళయింది" అంది. "నాకేం పోతుందో మీకింకా తెలియదన్నమాట."

వంటింటి గోడ మీద ఫోన్ మోగింది.

నాలుగోసారి మోగాక జయంతి వెళ్ళి ఎత్తింది. అవతల ఒక ఆడగొంతు, ఒక్కొక్క ఇంగ్లీషు మాటనీ పళ్ళెంలో పెట్టి అందిస్తున్నట్టు మాట్లాడుతోంది.

"మిసెస్ రావ్? నేను మిసెస్ మోరికావాని. సెలవు రోజున ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి. మీ ఉత్తరం అందింది."

"చెప్పండి" అంది జయంతి.

ఆ పేరు వినకపోయినా వాసుదేవరావుకి అర్థమైపోయింది. గబగబా వంటింట్లోకి వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు. పెళ్ళయ్యాక అతను ఆమెకి చేతులు జోడించడం అదే మొదటిసారి.

"మా వారు ఉత్తరం రెండుసార్లు చదివారు" అంటోంది ఆవిడ. "ఆయన చాలా బాధపడుతున్నారు. ఆ పాటని అంత శ్రద్ధగా నేర్పిన మనిషి ఇలా క్షమాపణ అడగాల్సిన అవసరం లేదంటున్నారు. కానీ ఒక్క విషయం మిమ్మల్ని అడగమన్నారు. మీ వారు వద్దని చెప్పినా మీరే పట్టుబట్టారని రాశారు. అది నిజమేనా? మీరు అవునంటే మా వారు ఆ సంగతి ఇక మరిచిపోతారు. ఆఫీసులో ఎవరూ దాని గురించి మాట్లాడరు."

ఒక్క అవును. అంతే కావాలి. వాసుదేవరావు పెదవులు శబ్దం లేకుండా ఆ మాటని ఆమెకి అందిస్తున్నాయి, బేస్‌మెంట్‌లో ఆమె అతనికి ఒక్కొక్క జపనీస్ మాట అందించినట్టే. అవునను జయా. అవునను.

జయంతి అతని కళ్ళలోకి సూటిగా చూసింది. ఆమెకి భయం వేసింది, అబద్ధమెందుకు. శుక్రవారం గుర్తుకొచ్చింది. మూతపడ్డ ప్లాంట్లు గుర్తుకొచ్చాయి. నలభై మూడేళ్ళ మనిషి సోమవారం పొద్దున్న టై కట్టుకుని ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చోవడం కూడా కళ్ళకి కట్టింది. అప్పుడు మైకులో నవ్వు వినిపించింది. ప్లీజ్ బ్లేమ్ హర్.

"మిసెస్ మోరికావా" అంది నెమ్మదిగా, "ఆ ఉత్తరం నేను రాయలేదు."

వాసుదేవరావు జోడించిన చేతులు విడిపోయాయి.

అవతల జపనీస్‌లో రెండు గొంతులు, తగ్గు స్వరంలో. రిసీవర్ చేతులు మారిన చప్పుడు. ఆ వెంటనే ఒక మగగొంతు, నిన్న రాత్రి కోటు తెమ్మన్న గొంతు.

"మిసెస్ రావ్. మోరికావా స్పీకింగ్. దయచేసి ఇప్పుడు నా భార్యతో అన్న మాట ఇంకొక్కసారి నాతో చెప్పండి. ఉత్తరం ఎవరు రాశారో కూడా చెప్పండి."

జయంతి ఊపిరి తీసుకుంది. చెప్పడానికి నోరు తెరిచింది.

వాసుదేవరావు చెయ్యి ఆమె భుజం మీదుగా వచ్చి ఫోన్ కొక్కెం మీద పడి, లైను కట్ చేసింది.